తగు చర్య నిమిత్తం

ఒక్క ఉత్తరం ముక్కతో ఇరవై రెండు మంది నిక్షేపంలాంటి కుర్రాళ్లను రోగుల్ని చేసేసిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. ఆ ఇరవై రెండు మందిలో ఒకడు నా సొంత కొడుకు. చెప్తాను, ముందు ఆ టీ తాగండి, చల్లారిపోతోంది.

ఇది తొంభైల మాట. తొంభై నాలుగో, అయిదో. అప్పుడు మేం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. రెండు గదుల క్వార్టరు, ముందు వరండా, వెనక జామచెట్టు. ఆ జామకాయలు ఎంత తీపంటే, కాయ పండేదాకా చెట్టు మీద ఉన్నది నేనెప్పుడూ చూడలేదు, పిల్లలు ఉండనిచ్చేవారు కాదు. మా వీధిలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి వాళ్లు. వీధి మధ్యలో నిలబడి గట్టిగా ‘ఏటి?’ అంటే మూడు వరండాల్లోంచి ‘ఏటేటి?’ అని పలికేవారు. ఇంజన్ల షెడ్డు సైరన్ మోగితే ఇళ్లల్లో పొయ్యిల మీద పాలు పెట్టేవారు. గడియారం ఉన్నా దాన్నెవరూ నమ్మేవారు కాదు.

నేను బొబ్బిలి దగ్గర నుంచి బీయస్సీ బోటనీ చదివి వచ్చాను. బోటనీకీ రైల్వేకీ ఏం సంబంధమని అడక్కండి, మా మామగారు కూడా అదే అడిగారు. మొదట గార్డుగా చేసి, తర్వాత సేఫ్టీ ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. నా ఉద్యోగమల్లా ఏమిటంటే, స్టేషన్ స్టేషన్‌కీ గేటు గేటుకీ పోయి, కొత్త రూలు వస్తే దాన్ని అక్కడి మనుషులకు విడమరిచి చెప్పడం. చెప్పాక వాళ్ల చేత ‘విన్నాను, అర్థమయింది’ అని సంతకం పెట్టించుకోవడం. ఆ కాగితానికి మూడు కార్బన్ కాపీలు తీసి, మర్నాడు పొద్దున్నే డాక్‌లో, అంటే ఆఫీసు టపాలో, పంపడం. సంతకం లేకపోతే చెప్పినట్టే లెక్క కాదు. మా ఆవిడ సరోజిని అనేది, ‘పెళ్లిలో మంగళసూత్రం కట్టాక నా చేత కూడా సంతకం పెట్టించుకుందురు, పంతులుగారి దగ్గర కాగితం లేక ఊరుకున్నారు’ అని.

ఇక అసలు సంగతి. మావాడు రమేశ్ అప్పుడు పదకొండో క్లాసు. ఒకరోజు నాకు పెన్సిల్ అవసరమై వాడి జామెట్రీ బాక్సు తెరిచాను. పెన్సిల్ లేదు. వృత్తలేఖిని కింద ఒక కాగితం పొట్లం ఉంది. అందులో గోధుమరంగు పౌడరు. పొట్లం మీద హిందీలో ఒక హకీము పేరు, పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా అని రాసుంది.

రైలు ఏ ఊళ్లోకి వచ్చేటప్పుడైనా పట్టాల పక్క గోడలు చూశారా మీరు? తెల్ల సున్నం మీద ఎర్ర అక్షరాలు, ఒక్కోటీ మనిషంత. ‘గుప్త రోగ్? నిరాశ్ న హోఁ!’ రహస్య రోగమా, నిరాశ పడకండి అని. ఇరవై ఏళ్లు బండి చివర గార్డు బ్రేకువ్యానులో కూర్చుని ఆ గోడలు చదివినవాణ్ణి నేను. ఆ వయసు కుర్రాడి ఒంట్లో మామూలుగా వచ్చే మార్పుల్నన్నిటినీ రోగాలుగా రాసి, మందుల పొట్లాలమ్ముకునేవాళ్లు. మా కాలనీ పిల్లలకు ఈ విషయంలో ఉన్న పాఠ్యపుస్తకం ఆ గోడ ఒక్కటే. ఇంట్లో మేమెవరం నోరు విప్పేవాళ్లం కాదు కదా. ఆ గోడే నా కొడుకును భయపెట్టింది. పాకెట్ మనీ పట్టుకుని దయాల్‌బంద్ వైపు ఎక్కడో డేరా వేసుకున్న ఆ హకీము దగ్గరికి వెళ్లాడు వాడు. ఇంట్లో తండ్రి ఉండగా!

వాడితో మాట్లాడదామని మూడు రోజులు చూశాను.

‘రమేశా.’

‘హా నాన్నా.’

‘కూర బాగుందా?’

‘బాగుంది.’

అయిపోయింది. మర్నాడు మళ్లీ.

‘రమేశా.’

‘హా నాన్నా.’

‘సైకిల్ బ్రేకులు పడుతున్నాయా?’

‘పడుతున్నాయి.’

మూడో రోజు నేను ‘రమేశా’ అనగానే వాడే అన్నాడు, ‘కూర బాగుంది, బ్రేకులు పడుతున్నాయి’ అని.

అప్పుడిక పొట్లంలోంచి చిటికెడు పౌడరు కాగితంలో కట్టుకుని కాలనీ డిస్పెన్సరీకి వెళ్లాను. అక్కడ సేన్ మేడమ్ అని బెంగాలీ డాక్టరమ్మ ఉండేది. తెల్లజుట్టు, గట్టి గొంతు. ఆవిడ పౌడరు చూసింది, వాసన చూసింది, తర్వాత నన్ను చూసింది.

‘ఎక్కువ భాగం పంచదార, ఏదో వేరు పొడి. వెంటనే మానిపించండి. అబ్బాయికి ఏ రోగమూ లేదు, పెరుగుతున్నాడంతే. ఆ మాట మీరే చెప్పండి.’

‘నేనా మేడమ్?’

‘మరి ఆ హకీము చెప్తాడా?’

ఒక ఇంగ్లీషు కరపత్రం కూడా ఇచ్చింది. ఎయిడ్స్ అంటే ఏమిటి, ఎలా వస్తుంది, ఎలా రాదు, ఎలా కాపాడుకోవాలి, అన్నీ ఉన్నాయి అందులో. అప్పుడప్పుడే ఆ పేరు రేడియోలో వినపడుతోంది, జనం దాన్ని చెవిలో చెప్పుకుంటున్నారు.

ఇంటికొచ్చేలోపు నాకో ఉపాయం తట్టింది. ఒక్కడికి చెప్పలేకపోతే కాలనీలో మన కుర్రాళ్లందరికీ చెప్తే సరి! ఒక్కడితో మాట్లాడలేనివాడు అంతమందితో ఎలా మాట్లాడతాడంటారేమో. రైల్వేలో అంతే. ఒక గేట్‌మన్ తప్పు చేస్తే వాడొక్కడితో మాట్లాడం, సెక్షన్ మొత్తానికీ సర్క్యులర్ పంపుతాం.

మా పక్క క్వార్టరు పైడిరాజు, పాసింజర్ బళ్ల డ్రైవరు, మా తెలుగు సంఘానికి సెక్రటరీ. అతనికి చెప్పాను, పిల్లలకు ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు చెప్తానని.

‘సెప్పండి గురువుగారూ, మంచిదే కదా. మా సీనుగాణ్ణీ తోలతాను. ఆడు పళ్లు తోమడు సరిగ్గా’ అన్నాడు. పళ్ల గురించి కాదని నేను చెప్పలేదు.

ఆదివారం పదింటికి సంఘం గదిలో ఇరవై రెండు మంది కుర్రాళ్లు చాపల మీద కూర్చున్నారు. మా రమేశ్ ఆఖరి వరుసలో, గోడకానుకుని, నేనెవరో తెలీనట్టు. తలుపు మూశాను. ‘బాబూ, ఈ గదిలో మాట ఈ గది దాటదు. నేను రైల్వే మనిషిని, మాటిచ్చానంటే లైన్ క్లియర్ ఇచ్చినట్టే, తిరుగుండదు’ అన్నాను.

అని మొదలుపెట్టాను, మందారపువ్వుతో. బోటనీ కదా! పుప్పొడి, కీలాగ్రం, తుమ్మెద... ఇరవై నిమిషాలు. బోర్డు మీద బొమ్మ కూడా వేశాను. చాలా బాగా వచ్చింది. చివరికి పైడిరాజు కొడుకు సీను చెయ్యెత్తాడు.

‘మామయ్యా, పువ్వు సంగతి సమఝ్ గయా, అర్థమైపోయింది. మనుషుల దగ్గరికి ఎప్పుడొస్తారు?’

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో నా నోరు కూడా తెరుచుకుంది. ఒంట్లో మార్పులు రోగాలు కావని చెప్పాను. గోడల మీది మాటలు నమ్మొద్దన్నాను. స్నేహితులు పద పద అని ఎక్కడికో లాక్కెళ్తుంటే, నేను రానని చెప్పడం పిరికితనం కాదన్నాను. ఎదురుగా ఎర్ర సిగ్నలుంటే వెనకాల నుంచి ఎంతమంది హారన్ కొట్టినా బండి ఆపినవాడే మంచి డ్రైవరన్నాను. అవతలి పిల్ల వద్దంటే ఆ మాటకు ఇంకో అర్థం లేదన్నాను. తొందరేం లేదు, చదువూ ఉద్యోగం పెళ్లీ అన్నీ వస్తాయన్నాను. పెద్దయ్యాక ఎవరికైనా అవసరమయ్యే సంగతి ఇప్పుడే తెలియడం మంచిదని కండోమ్ అనే మాట కూడా పలికాను. నా జీవితంలో ఆ మాట గట్టిగా పలకడం అదే మొదలు. పలికాక కిటికీ వైపు చూశాను, మా ఆవిడ వినలేదు కదా అని.

అడగడానికి సిగ్గయితే చీటీల మీద రాయండి, పేర్లు వద్దన్నాను. పాపం, మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు. చీటీలన్నీ హిందీలో వచ్చాయి. దోమ కుడితే ఎయిడ్స్ వస్తుందా? రాదు. మంగలి బ్లేడుతో? కొత్త బ్లేడు వెయ్యమని అడుగు. ఒక్కోటీ చదువుతూ చెప్తున్నాను. తొమ్మిదో చీటీ విప్పాను. ‘ఒక అబ్బాయి హకీము పౌడరు పది రోజులు తిన్నాడు. మానేస్తే ఏమైనా అవుతుందా? చచ్చిపోతాడా?’

ఆ దస్తూరీ నాకు తెలుసు. మూడో క్లాసులో పలక మీద దిద్దించింది నేనే.

‘ఏమీ కాదు’ అన్నాను. ‘అది పంచదార. ఇవాళే పారేయమనండి. ఆ అబ్బాయికి అసలు రోగమే లేదు. వాణ్ణి భయపెట్టినవాడిదీ, భయపడుతుంటే చూస్తూ ఊరుకున్న ఇంట్లో పెద్దవాళ్లదీ తప్పు.’

చీటీలన్నీ వాళ్ల ఎదుటే అగ్గిపుల్ల గీసి కాల్చేశాను. ఎంత తేలిగ్గా ఉందో గుండె! అక్కడితో ఇంటికెళ్లిపోయుంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు.

కానీ అలవాటు ఒకటుంది కదా. ముప్పై ఏళ్ల రైల్వే అలవాటు. ‘ఆగండి బాబూ, ఒక్క సంతకం’ అన్నాను. కాగితం మీద గీతలు గీశాను. పేరు, తండ్రి పేరు, తండ్రి హోదా, డ్యూటీ చోటు, క్వార్టరు నంబరు, ‘విన్నాను, అర్థమయింది’, సంతకం. మా కాలనీలో పిల్లవాడంటే ఫలానా డ్రైవరు కొడుకో, ఫలానా ఫిట్టరు కొడుకో. ఆ హోదా లేకపోతే ఎవరి పిల్లాడో ఎలా తెలుస్తుంది? అందరూ బుద్ధిగా పెట్టారు. మా రమేశ్ కూడా పెట్టాడు.

సోమవారం పొద్దున్న ఆఫీసులో కూర్చుని, మూడు కాపీలు తీశాను. ఒకటి నా ఫైలుకి, ఒకటి పైడిరాజుకి, ఒకటి సేన్ మేడమ్‌కి. ఆవిడ కరపత్రమిచ్చింది కదా, మీటింగు జరిగిందని తెలియాలి. పైన ఒక చిన్న ఉత్తరం. ఇంగ్లీషులో రాశాను, తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

‘విషయం: బాలురు – సుఖవ్యాధులు. పై విషయమై ఇరవై రెండు మంది బాలుర జాబితా ఇందుతో జతపరచడమైనది. సమాచారం మరియు తగు చర్య నిమిత్తం.’

ఇందులో తప్పేముంది చెప్పండి? రైల్వేలో ఏ ఉత్తరమైనా అలాగే ముగుస్తుంది. కుర్చీ విరిగిందని రాసినా, ఆఫీసరుగారి అమ్మాయి పెళ్లికి శుభాకాంక్షలు రాసినా, చివర్న తగు చర్య నిమిత్తమే.

ఇంతకీ సేన్ మేడమ్ ఆ రోజు సెలవులో ఉంది. ఆవిడ బదులు ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఉద్యోగంలో చేరి వారమైందేమో. చాలా శ్రద్ధగలవాడు, అతన్ని నేనేమీ అనను. సుఖవ్యాధులు, ఇరవై రెండు మంది బాలురు, జాబితా, తగు చర్య అని కాగితం మీద రాసుంటే అతను మాత్రం ఏం చేస్తాడు? తగు చర్య తీసుకున్నాడు.

మంగళవారం పదకొండింటికి మా ఆఫీసు ప్యూను నా బల్ల మీద ఒక మెమో పెట్టాడు. ‘మీ కుమారుడు రమేశ్‌ను గురువారం పది గంటలకు పరీక్ష నిమిత్తం డిస్పెన్సరీకి తీసుకురావలెను.’ కింద నా ఉత్తరం నంబరు. దాన్ని చదివి, ఎవడో వెధవ ఏదో రాశాడు అనుకున్నాను. రెండోసారి చదివితే ఆ వెధవ ఎవరో అర్థమయింది.

డిస్పెన్సరీకి పరిగెత్తాను.

‘డాక్టర్ సాబ్, ఆ ఉత్తరం పొరపాటు. ఆ పిల్లలకేం రోగాల్లేవు. అది హాజరుపట్టీ!’

అతను నా ఉత్తరం మళ్లీ చదివాడు. ‘హాజరు అనే మాట ఇందులో ఎక్కడా లేదే’ అన్నాడు హిందీలో.

‘లేదు. వెనక్కి తీసుకుంటాను.’

‘అచ్ఛా. అయితే రాసివ్వండి.’

అక్కడే నిలబడి రాసిచ్చాను. అతను చదివి, పెన్ను మూత పెట్టి, నా మొహం చూశాడు. ‘ఇందులో కూడా తగు చర్య నిమిత్తం అని రాశారు. ఏం చర్య తీసుకోమంటారు?’

చేతికి అలవాటు. దానంతటదే రాసేసింది.

‘మెమోలు ఆపండి సాబ్, అదే చర్య’ అన్నాను. అప్పటికే ఇరవై రెండూ డాక్‌లో వెళ్లిపోయాయట. షెడ్డుకి, యార్డుకి, బుకింగ్ ఆఫీసుకి, క్యారేజీ డిపోకి. డ్యూటీ చోట్లన్నీ నేనే రాయించాను కదా, ఒక్కటీ దారి తప్పలేదు.

సైకిలేసుకుని షెడ్డుకి వెళ్లేసరికి పైడిరాజు మెమో పట్టుకుని ఎదురొచ్చాడు. ఆరడుగుల మనిషి, కళ్లలో నీళ్లు.

‘గురువుగారూ, మా సీనుగాడికేటయింది? దాచకండి. నేను తట్టుకుంటాను.’

‘ఏమీ కాలేదు పైడిరాజూ. నేనొక ఉత్తరం రాశాను, అంతే.’

‘ఉత్తరం రాస్తే రోగమెలాగొస్తాది?’

విడమరిచి చెప్పేసరికి అరగంట పట్టింది. అంతా విన్నాక అతను మెమో మడిచి జేబులో పెట్టుకున్నాడు. ‘సంతకమెట్టి తీసుకున్నాను గురువుగారూ. తీసుకెళ్లకపోతే రేపు నన్ను ఎక్స్‌ప్లనేషన్ అడుగుతారు’ అన్నాడు. ఇరవై రెండు మంది తండ్రులూ అదే మాట. డ్యూటీలో మెమో తీసుకున్నాక దాన్ని కాదనే మనిషి మా కాలనీలో పుట్టలేదు.

ఇంటికెళ్తే వరండాలో మా ఆవిడ. ‘ఏటండీ ఇది? లోకాన్ని బాగుచేద్దారని ఎల్లి పిల్లల్ని బజారున పడేశారా? పక్కింటి గౌరి వదిన నాతో మాట్లాడకుండా నీళ్లు పట్టుకుని పోయింది.’

రమేశ్ స్కూలు నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడికి కోపమొస్తే హిందీలోకి పోతాడు. బాగా కోపమొస్తే నన్ను మీరు అంటాడు.

‘ఆప్‌నే నామ్ భేజ్ దియే? మా పేర్లు పంపేశారా?’

‘ఒరే, అది హాజరుపట్టీరా...’

‘గది దాటదన్నారు. అందరి ముందూ అన్నారు. సబ్‌కే సామ్‌నే కహా థా ఆప్‌నే.’

లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. మందు పొట్లం సంగతి నాకు తెలుసని వాడికి తెలీదు. కానీ వాడు పేరు లేకుండానైనా మొదటిసారి నన్నొక ప్రశ్న అడిగాడు, చచ్చిపోతానా అని. ఇక ఈ జన్మలో ఏదీ అడగడు. మళ్లీ ఏ భయమొచ్చినా ఆ గోడలే చదువుకుంటాడు. మిగతా ఇరవై ఒక్కమందీ అంతే. కాలనీలో జనం ఏమనుకున్నా నాకు బాధ లేదు గానీ, ఇది మాత్రం రెండు రోజులు నన్ను తిండి తిననివ్వలేదు.

గురువారం పదింటికి ఆ డిస్పెన్సరీ వరండా చూడాల్సింది! ఇరవై రెండు మంది తండ్రులు, ఇరవై రెండు మంది కొడుకులు. ఒకరి మొహం ఒకరు చూడరు. ఒక ఫిట్టరు ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్తున్నాడు, తను దగ్గు మందు కోసం వచ్చానని. ఇంకొకాయన దగ్గి చూపించాడు కూడా. రమేశ్ నాకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

దేవుడి దయ, సేన్ మేడమ్ సెలవు అయిపోయి ఆ రోజే డ్యూటీలోకి వచ్చింది. కుర్ర డాక్టరు నా రెండు ఉత్తరాలూ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోడానికేమో. నా వైపు తిరిగింది.

‘సూరిబాబూ, ముందు మీరు చెప్పండి. వీళ్లందరికీ.’

ఇన్‌స్పెక్టర్‌గా ఎంతమంది ముందు మాట్లాడానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం తండ్రుల వైపు కాదు, కుర్రాళ్ల వైపు తిరిగాను.

‘బాబూ, మాట గది దాటదని మీకు చెప్పాను. దాటించింది నేనే. చెడు ఉద్దేశంతో కాదు, బుద్ధి తక్కువై. మీరెవరూ ఏ తప్పూ చెయ్యలేదు, మీకే రోగమూ లేదు. తప్పు నాది. మీ నాన్నల ముందే ఒప్పుకుంటున్నాను. నన్ను క్షమించండి.’

మా కాలనీలో పెద్దవాడు పిల్లల్ని క్షమాపణ అడగడం అంతకు ముందెవరూ చూడలేదు. దగ్గుతున్నాయన దగ్గడం మానేశాడు. సీను నేల చూపులు చూస్తూ అన్నాడు, ‘పర్లేదు మామయ్యా. స్కూల్లో రెండ్రోజులు హీరోలమయ్యాం.’

మేడమ్ అప్పుడు తండ్రులనడిగింది. ‘మీలో మీ అబ్బాయితో ఈ సంగతులు ఎవరు మాట్లాడారు?’

ఒక్క చెయ్యి లేవలేదు.

‘అయితే పరీక్ష చెయ్యాల్సింది వీళ్లని కాదు, మిమ్మల్ని. కూర్చోండి అందరూ.’

కూర్చున్నాం. గంటన్నర మాట్లాడింది, తండ్రులకూ కొడుకులకూ కలిపి. నేను మందారపువ్వుతో చుట్టూ తిరిగి చెప్పిందంతా ఆవిడ సూటిగా, రోజూ వాడే మాటల్లో చెప్పింది. ఆఖర్న పైడిరాజు మెల్లగా లేచాడు.

‘మేడమ్, నాదొక డౌటు. మావోడి కోసమే అడుగుతున్నాను...’

‘నా కోసం కాదు మేడమ్!’ అని సీను గబుక్కున అరిచాడు. నలభై నాలుగు మందీ నవ్వారు. నవ్వులు ఆగాక ఆ డౌటుకి ఆవిడ చెప్పిన జవాబును తండ్రులే ఎక్కువ శ్రద్ధగా విన్నారు. మామూలుగా పిలిస్తే ఒక్క తండ్రైనా వచ్చేవాడా? మెమో గనక వచ్చారు.

ఇప్పుడా తండ్రుల్లో సగం మంది లేరు. కుర్రాళ్లు తలో ఊళ్లో స్థిరపడ్డారు. ఎక్కడ కనబడ్డా, మా ఆవిడ ముందూ కోడళ్ల ముందూ, ‘మామయ్యా, మెమో ఏదైనా ఉందా?’ అని పెద్దగా అడుగుతారు వెధవలు.

సరే, ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు రమేశ్ సైకిల్ నడిపించుకుంటూ నా పక్కనే నడిచాడు. షెడ్డు గోడ దాటాక అడిగాడు.

‘ఆ చీటీ నాదని నీకు తెలుసా నాన్నా?’

మళ్లీ నువ్వు అన్నాడు! ‘ఏ చీటీరా?’ అన్నాను అమాయకంగా.

‘మిగతా చీటీలకన్నిటికీ మా మొహాలు చూసి జవాబు చెప్పావు. దానికొక్కదానికే ఫ్యాను చూస్తూ చెప్పావు. అది తిరగట్లేదు కూడా. కరెంటు లేదప్పుడు.’

‘పొట్లం పారేశావా?’ అన్నాను.

‘ఆదివారమే పారేశాను.’

ఇంటికి చేరేలోపు ఇంకో రెండు ప్రశ్నలడిగాడు, తెలుగులోనే. మొదటిదానికి వాడి మొహం చూసే జవాబు చెప్పాను. రెండోదానికి నాకు జవాబు తెలీదు. బోటనీలో ఫస్ట్ క్లాసు, ఇద్దరు పిల్లల తండ్రిని, కాలనీకంతటికీ ఉపన్యాసమిచ్చినవాణ్ణి!

‘సేన్ మేడమ్‌ని కనుక్కుని చెప్తాన్రా’ అన్నాను.

వాడు సైకిల్ ఆపేసి నా భుజం పట్టుకున్నాడు.

‘వద్దు నాన్నా! నువ్వు ఊరుకో. నేనే కనుక్కుని నీకు చెప్తాను.’